ప్లేట్లక్క పెంచిన బాక్టీరియా

సోమవారం ఉదయం తొమ్మిదింపావు నుంచి తొమ్మిదిన్నర దాకా ప్లేట్లక్కను ఎవరూ పలకరించరు. ఆ నీటి పరీక్షల ల్యాబులో ఈ నియమం ఎక్కడా రాసిపెట్టి లేదు. అయినా గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై అంతస్తులో డైరెక్టరు దాకా అందరికీ తెలుసు. ఆ పావుగంటలో ఫోను మోగినా, పక్క గదిలో గాజుసామాను భళ్ళున పగిలినా ఆమె తల తిప్పదు. బర్నర్ ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, పోయిన సోమవారం ప్లేటులోంచి ఈ సోమవారం ప్లేటులోకి ఒక్క బాక్టీరియా చుక్కను సన్నటి తీగతో ఎత్తి గీస్తూ ఉంటుంది.

ల్యాబులో వాడే ప్లేట్లన్నీ ఆమే పోస్తుంది కాబట్టి ప్లేట్లక్క. పోషకాలు కలిపిన జెల్లీని ఉడికించి, సరైన వేడిలో, బుడగ రాకుండా, అంగుళంలో ఆరో వంతు మందాన పోయాలి. ఆమె పోసిన ప్లేటును దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే అద్దమా, జెల్లీయా అని సందేహం వస్తుంది. ఈ మాట ఆమెకు ఎవరైనా చెబితే "ఆఁ, ఏదో" అంటుంది. చెప్పకపోతే ఆ రోజంతా ముభావంగా ఉంటుంది.

కానీ ఆమె అసలు పదవి వేరు. ల్యాబు రిఫరెన్స్ స్ట్రెయిన్‌కి ఆమె సంరక్షకురాలు. కొట్లో తూకపురాయి ఎలాగో ల్యాబులో రిఫరెన్స్ స్ట్రెయిన్ అలాగ. కుళాయి నీళ్ళలో ఏముందో తేల్చే ముందు, ఆ పరీక్ష సరిగ్గా పనిచేస్తోందా లేదా అని ఒక తెలిసిన బాక్టీరియా మీద చేసి చూసుకుంటారు. రోగాలు తెప్పించని రకం. దానికో నంబరుంటుంది. ఆ నంబరున్న బాక్టీరియా ఏ ల్యాబులో ఉన్నా ఒకే బాక్టీరియా, ఒకే గుణం. అదీ నమ్మకం. ఈ ల్యాబులో ఆ నమ్మకాన్ని పందొమ్మిదేళ్ళుగా ప్రతి సోమవారం ప్రాణంతో నిలబెడుతున్నది ప్లేట్లక్క. కూతురు పుట్టినప్పుడు కూడా సోమవారం గీసి, గురువారం కన్నది. తర్వాతి రెండు సోమవారాలూ అప్పట్లో అదే ల్యాబులో పనిచేసే ఆడపడుచు గీసింది. ఆ రెండు వారాల సంగతి ఇంట్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ లేస్తుంటుంది.

ఈ పని ఆమెకు నేర్పింది ఆమెకు ముందున్న టెక్నీషియన్. ఆయన్ని ఆమె గురువుగారు అంటుంది. ఆయనకు ఫ్రీజరు మీద నమ్మకం లేదు, కరెంటు మీద అసలే లేదు. "వారం వారం గీసుకుంటూ పో. కళ్ళముందు పెరిగేదాన్నే నమ్ము" అనేవాడు. అసలు విత్తనం, అంటే ఎండబెట్టి గాజు గొట్టాల్లో సీలు చేసి పంపినది, నాలుగు గొట్టాలు వచ్చింది. ఆమె చేరిన వారం ఆయన ఒకటి తెరిచి మొదటి ప్లేటు గీశాడు, మిగతా మూడూ ఫ్రీజరు అడుగున ఒక డబ్బాలో ఉన్నాయి. "అది మాత్రం ముట్టుకోకు" అన్నాడాయన. ఆమె ముట్టుకోలేదు. అంత భద్రంగా దాచినందువల్ల ఆ మిగిలినదాన్ని ఎవరూ ఒక్కసారి కూడా వాడలేదు.

రిజిస్టరులో ఒక గడి ఉంది: అసలు విత్తనం నుంచి ఎన్నో మార్పిడి, ఐదు దాటరాదు. ఈ గడి విషయం గురువుగారు మొదటి రోజే తేల్చేశాడు. "ఒక్క కాలనీ అంటే ఒక్క కణం బిడ్డలు. ఒక్కదాన్నుంచి మొదలెట్టావంటే అంతా శుద్ధం. శుద్ధమయ్యాక లెక్క మళ్ళీ ఒకటి నుంచే కదమ్మా!" ఇది వినడానికి ఎంత సబబుగా ఉందంటే, పందొమ్మిదేళ్ళలో ఎవరికీ అడ్డుప్రశ్న తోచలేదు. ఆమె ప్రతి సోమవారం ఆ గడిలో "1" అని రాసింది. డైరెక్టర్లు నలుగురు మారారు, నలుగురూ సంతకం పెట్టారు.

ఇక ఆ ఒక్క కాలనీని ఎంచుకోవడం ఉందే, అక్కడుంది ఆమె పనితనమంతా. కూరగాయల బండి దగ్గర టమాటాలు ఏరినట్టు ప్లేటంతా కలయజూస్తుంది. గుండ్రంగా, నున్నగా, అంచు సున్నా చుట్టినట్టు, పక్కవాటికి ఎడంగా మర్యాదగా కూర్చున్న చుక్క కావాలి. తడిగా ఉన్న జెల్లీ మీద కొన్ని చుక్కలు అంచులు పాకించుకుని పక్కకు జరుగుతాయి. వాటిని చూస్తే ఆమెకు ఒళ్ళుమంట.

"కాళ్ళు బారజాపుకుని ఎలా కూర్చున్నాయో చూడు, బస్సులో సీటు దొరికినట్టు" అని వాటిని దాటేసి, పక్కనున్న బుద్ధిమంతుణ్ణి తీగతో అందుకునేది.

ఉత్తరం వచ్చింది బుధవారం.

పన్నెండు ల్యాబులు తమ తమ దగ్గరున్న అదే నంబరు స్ట్రెయిన్ మీద అవే ఏడు పరీక్షలు చేసి, ఫలితాలు ఒకచోటికి పంపాయి. ఎవరి పేరూ బయటపడకుండా ఒక్కో ల్యాబుకు ఒక్కో అంకె ఇచ్చారు. ఈ ల్యాబుకు ఆరు పరీక్షల్లో పేచీ లేదు. ఏడోది ఈత పరీక్ష. మెత్తటి జెల్లీ ఉన్న గొట్టంలో మధ్యన తీగతో గుచ్చి, ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. ఈత వచ్చిన బాక్టీరియా పొద్దుటికి గొట్టమంతా మబ్బులా కమ్ముకుంటుంది. రానిది గుచ్చిన గీత మీదే ఉండిపోతుంది.

"పదకొండు ల్యాబుల్లో ఈదింది. ఏడో నంబరులో ఈదలేదు" అని చదివాడు డైరెక్టరు. మంచివాడే, కాకపోతే ఉత్తరాలంటే భయం. "ఏడో నంబరు ఎవరు?"

"మనమే సార్" అంది కొత్త మేడం. ఆమె చేరి ఏడు నెలలైంది, పెద్ద చదువు చదివింది, పరీక్ష చేసింది ఆమే.

"అందరి దగ్గరా ఈదేది మన దగ్గర ఎందుకు కూర్చుంది?"

"కూర్చోవడమేంటి సార్, నిక్షేపంగా పెరిగింది కదా. గీత చూడండి ఎంత తిన్నగా ఉందో" అంది ప్లేట్లక్క, గొట్టం అందుకుని వెలుతురుకు పట్టి.

"తిన్నగా ఉండటమేనమ్మా గొడవ!" డైరెక్టరు నుదురు రుద్దుకున్నాడు. "పది రోజుల్లో ఇంకొక్కసారి చేసి పంపొచ్చట. కింద కారణం రాయాలి. మార్పిడి నంబరు కూడా రాయాలి. చూడు, కారణం సరిగ్గా లేకపోతే నేనేం చేయలేను. ఫ్రీజరు తాళం కొత్త మేడంకి ఇచ్చేసి నువ్వు గాజుసామాను గదికి వెళ్ళాల్సి వస్తుంది."

గాజుసామాను గది అంటే సీసాలు కడిగే గది. ప్లేట్లక్కకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆ క్షణంలో ఆ గదిలో కదలనిది ఆమె చేతిలోని గొట్టంలో ఉన్నదొక్కటే.

ఇంట్లో ఆ సాయంత్రం విచారణ జరిగింది. భర్త ఇంటి దగ్గరే కూర్చుని ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. పొద్దున్న కుర్చీలో కూర్చున్నవాడు దీపాలు పెట్టే వేళకు లేస్తాడు, అదీ ఎవరైనా లేపితే. అత్తగారు బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. సంగతంతా విని, చేతిలో కాయ పక్కన పెట్టి, కోడలి వైపు చూసింది.

"ఈదలేదంటే ఈదదు మరి. నువ్వు పెంచింది ఏది కదిలింది గనక?" అంటూ గడ్డంతో కుర్చీ వైపు చూపించింది.

"అమ్మా, నన్ను పెంచింది నువ్వు" అన్నాడు భర్త స్క్రూడ్రైవర్ దించకుండా.

"నేను పెంచినన్నాళ్ళూ పరిగెత్తావురా! దీని చేతికిచ్చాకే ఇలా అయ్యావు."

 ప్లేట్లక్క మనసంతా ఒక్కదాని మీదే ఉంది. ఆ ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగో నంబరు ల్యాబులో ఈత బాగానే ఉంది కానీ, ఆమ్లం పరీక్షలో, అంటే పుల్లటి ద్రావకంలో రెండు గంటలు ఉంచి ఎన్ని బతికాయో చూసే పరీక్షలో, అన్నీ చచ్చాయి. అది ఎవరి ల్యాబో ఉత్తరంలో లేదు. అయితే ప్రతి బుధవారం రాత్రి తల్లికి ఫోను చేసి గంట మాట్లాడే ఆడపడుచు ఈ బుధవారం చేయలేదు.

ఈ ఆడపడుచు ప్లేట్లక్క భర్తకు అక్క, అంటే ఆమెకు వదిన. పదకొండేళ్ళ క్రితం ఊరికి అవతలి కొసన ఇంకో ల్యాబు తెరిచినప్పుడు అక్కడికి మారింది. వెళ్తూ వెళ్తూ ప్లేట్లక్క చేత్తో గీసిన గొట్టం ఒకటి పట్టుకెళ్ళింది. రెండు ల్యాబులవీ ఒక తల్లి పిల్లలే. ఆదివారం వదిన తల్లిని చూడటానికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"నీది ఈదలేదట కదే!"

"ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"నీది చచ్చిందట కదా వదినా!"

"నీకెవరు చెప్పారు?"

"నీ మొహం."

వదిన నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరూ పావుగంట పోట్లాడుకున్నారు. ప్రసవమప్పుడు ఆ రెండు వారాలూ వదిన ఎలా గీసిందో ఎవరు చూశారని ఈమె. పాడైన గొట్టం అంటగట్టి పంపావని ఆమె. పెంపకం తేడా అని ఈమె. వదినకు ఓపిక లేదు, పొద్దున గీస్తే సాయంత్రానికి తేలాలి. ప్లేటులో అందరికంటే ముందు బొద్దుగా ఎదిగినదాన్నే తీస్తుంది. ఆ సంగతి ఈమెకు తెలుసు.

"తిండిపోతులనే ఏరి ఏరి పెంచావు. కష్టం వస్తే తట్టుకుంటాయా మరి?"

"నువ్వు మాత్రం? కదలకుండా కూర్చునేవాళ్ళనే ఏరావు. ఒరేయ్ తమ్ముడూ, నిన్నే!"

"నన్ను ఏరింది మీరిద్దరూ కాదు, సంబంధం చూసినవాళ్ళు" అన్నాడు తమ్ముడు.

అత్తగారు తీర్పరి కాబట్టి ఇద్దరి వాదనలూ విని, ఒక మాట అంది. "దానిది ఈదుతుంది, చచ్చిపోతుంది. నీది బతుకుతుంది, ఈదదు. మార్చుకుంటే పోలా? ఈత పరీక్షకు నువ్వు దానిది పెట్టు, చావు పరీక్షకు అది నీది పెడుతుంది. ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటుంది."

 ఇద్దరు టెక్నీషియన్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తేలికైన దారి తమకు తోచనందుకు సిగ్గుపడాలో, ఆవిడకు తోచినందుకు భయపడాలో అర్థం కాలేదు.

"నంబరు ఒకటేగా" అంది వదిన చివరికి. "కాగితం మీద రెండూ ఒకటే."

సోమవారం మధ్యాహ్నం రెండు ల్యాబులకూ నడుమనున్న బస్టాపులో కలుసుకున్నారు. చెరో చేతిలో చెరో స్టీలు డబ్బా. లోపల ఇంకో డబ్బా, దాని లోపల దూది చుట్టిన గొట్టం. జనం మధ్యన నిలబడి డబ్బాలు మార్చుకున్నారు. మోసం చేసేటప్పుడు కూడా లేబుల్ వేయకుండా ఉండటం ఇద్దరి వల్లా కాలేదు. రెండు గొట్టాల మీదా తేదీ, వేళ, ఎవరు ఇచ్చిందీ, ఎవరు తీసుకుందీ చక్కగా రాసి ఉంది.

మంగళవారం పొద్దున ప్లేట్లక్క వెచ్చటి అల్మారా తెరిచి చూసింది. వదిన గొట్టంలో మబ్బు కమ్మేసింది, గీత ఎక్కడుందో కనబడటం లేదు. అంచు నుంచి అంచు దాకా ఈదేశాయి. కావలసింది అదే. పది రోజుల గడువులో ఇంకా నాలుగు రోజులు ఉండగానే పని అయిపోయింది. ఆమె సంతోషపడటానికి ప్రయత్నించింది. పక్కనే వదిన బాక్టీరియాను గీసిన ప్లేటు కూడా ఉంది. మూత తీసి చూసింది. ఇంతింత లావున, అంచులు పాకించుకుని, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తన ప్లేటులో ఇలాంటిది కనిపిస్తే తీగ దాని దరిదాపులకు కూడా పోనిచ్చేది కాదు. ఇప్పుడు వీటి మీద తన ల్యాబు పేరు రాయాలి.

"అక్కా, ఒక్క నిమిషం" అంటూ కొత్త మేడం వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. చేతిలో ఒక కాగితం. "రేపు సార్‌కి ఇద్దామని కారణం రాశాను. మీరోసారి చూడండి."

ప్లేట్లక్క చదివింది. మేడం చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. అయినా ఒక ముక్క స్పష్టంగా కనిపించింది: జెల్లీ ఉండవలసినదాని కంటే గట్టిగా ఉండటం వల్ల బాక్టీరియా ఈదలేకపోయింది. పరీక్ష చేసిన నా పొరపాటు.

"ఇదేంటి?"

"వారం నుంచి పదకొండుసార్లు చేశానక్కా. ఏం చేసినా కూర్చునే ఉంటోంది. రిజిస్టరు చూస్తే మార్పిడి ఒకటి అని ఉంది. అంటే స్ట్రెయిన్‌లో తప్పుండే వీల్లేదు. ఇక మిగిలింది జెల్లీ. తాళం మీ దగ్గర్నుంచి నా దగ్గరికి రావడం నాకిష్టం లేదు. తప్పు నాదని రాస్తే గొడవుండదు."

ప్లేట్లక్క మొహం ఎర్రబడింది. మేడం అది కృతజ్ఞత అనుకుంది. కాదు.

"జెల్లీ గట్టిగా ఉందా?"

"అంటే... ఏదో ఒకటి రాయాలి కదా అక్కా..."

"ఆ జెల్లీ పోసింది ఎవరు? నేను. పందొమ్మిదేళ్ళలో నా జెల్లీ గట్టిపడిందని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అన్నాడా? బుడగ వచ్చిందని అన్నాడా? ఈ కాగితం పన్నెండు ల్యాబులూ చదువుతాయి. మా వదిన చదువుతుంది!" ఆమె అల్మారా తలుపు బార్లా తెరిచింది. "ఇదిగో చూడు. ఇదే జెల్లీ, అదే గిన్నెలోంచి పోశాను. ఎలా ఈదాయో చూడు!"

మేడం చూసింది. మబ్బు చూసి మొహం వెలిగిపోయింది. "ఈదిందా! అక్కా, మనది ఈదిందా!"

"మనది కాదు" అంది ప్లేట్లక్క. అనేశాక గాని తాను ఏమందో ఆమెకు తెలియలేదు. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు కాబట్టి గొట్టం మీద లేబుల్ తిప్పి చూపించింది. తేదీ, వేళ, ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు.

మేడం స్టూలు లాక్కుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేదని ప్లేట్లక్కకు అనిపించింది. మేడం వరసగా ప్రశ్నలు వేసింది, డాక్టరు కడుపునొప్పి గురించి అడిగినట్టు.

"వారానికోసారి గీస్తారా?"

"ప్రతి సోమవారం."

"ఫ్రీజర్లోంచి తీసి?"

"ఛ, ఫ్రీజరెందుకు? పోయిన వారం ప్లేటులోంచి."

"ఎప్పటి నుంచి?"

"చేరినప్పటి నుంచి."

"ఎన్ని కాలనీలు తీస్తారు?"

"ఒక్కటే. ఒక్కటైతేనే కదా శుద్ధం!"

"ఏ కాలనీని తీస్తారు?"

ప్లేట్లక్కకు ఈ ప్రశ్న వింతగా తోచింది. "ఏదంటే? బాగున్నదాన్ని. గుండ్రంగా, నున్నగా, ఒద్దికగా ఉన్నదాన్ని."

"అంచులు పాకినవి?"

"అవెందుకు, దరిద్రం!"

మేడం రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. నవ్వాపుకోడానికని ఆమె భుజాలు చూస్తే తెలుస్తోంది. "అక్కా, పాకినవే ఈదేవి."

ఆ మాట అర్థం కావడానికి ప్లేట్లక్కకు ఎంతో సేపు పట్టలేదు. జీర్ణం కావడానికి పట్టింది. మేడం ఓపిగ్గా చెప్పింది. కణం రెండుగా చీలినప్పుడల్లా తన జన్యువుల రాతనంతా నకలు రాసుకుంటుంది. అంత రాతలో ఎప్పుడో ఒకసారి ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. కోట్ల మంది గుంపులో ఆ ఒక్కటీ ఎటో కొట్టుకుపోతుంది. గుంపునంతా వదిలేసి ఒక్కదాన్నే పట్టుకెళ్ళి దాన్నుంచే కొత్త వంశం మొదలుపెడితే, దాని తప్పు ఇక అందరి తప్పూ అవుతుంది. వచ్చే సోమవారం ఇంకొకటి. ఇంతకుముందు ఏ పరీక్షలోనూ దాని ఈత గురించి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"మరి శుద్ధం కాదా?"

"శుద్ధమేనక్కా. శుద్ధంగా వేరే అయిపోయింది."

ప్లేట్లక్క తన ప్లేటు వైపు చూసింది. వరసగా కూర్చున్న తెల్లటి చుక్కలు, ఒక్కటీ గీత దాటలేదు. గురువుగారి మీద కోపం వచ్చింది, ఆయన లేడు. వదిన మీద రావాలి, ఆమెదీ ఇదే బతుకు. చివరికి పెన్ను తీసి, కాగితం మూల లెక్క వేసింది. పందొమ్మిది ఇంటూ యాభై రెండు. మేడం రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసి, కొత్త ఫారం ముందుకు లాక్కుంది. మార్పిడి గడి ఒక్క అంకె పట్టేంతే ఉంది. అచ్చువేసినవాడికి ఐదు దాటుతుందన్న ఊహ లేదు. ఆమె ముత్యాల్లాంటి చేతిరాతను బాగా చిన్నది చేసుకుని, ఆ గడిలో 988 అని ఇరికించింది. పక్కనే కారణం రాసింది: జెల్లీలో దోషం లేదు.

ఆ ఒక్క వాక్యం చాలదని మేడం బతిమాలితే మిగతాది కూడా రాసింది.

ఫారం పట్టుకుని పైకి వెళ్ళేముందు ఇద్దరూ కలిసి ఫ్రీజరు అడుగునున్న డబ్బా తెరిచారు. పందొమ్మిదేళ్ళ మంచు గీకితే గాని మూత రాలేదు. ఒక గొట్టం మెడ విరిచి, ఎండిన పొడిని పోషక ద్రావకంలో కలిపి, మూడు రోజుల్లో మూడు రకాలకూ వరసగా ఈత పరీక్ష పెట్టి చూశారు. ప్లేట్లక్కది గీత మీద కూర్చుంది. వదినది గొట్టమంతా కమ్మేసింది. అసలుది తొందరా లేకుండా, బద్ధకమూ లేకుండా మామూలుగా ఈదింది. ఆమ్లంలో కూడా మామూలుగా బతికింది. ఏ విశేషమూ లేని దాని ప్రవర్తన చూసి ప్లేట్లక్కకు కొంచెం నిరాశ కలిగింది.

వదినకు ఫోను చేయడం అన్నిటికంటే కష్టమైంది.

"నిజం రాసేశాను వదినా. నీ గొట్టం సంగతి రాయలేదు. నీ గడిలో ఏం రాసుకుంటావో నీ ఇష్టం."

అవతల నుంచి రెండు నిమిషాల పాటు వచ్చిన మాటలు అచ్చులో పెట్టదగినవి కావు. ఆ తర్వాత వదిన ఒక ప్రశ్న అడిగింది.

"ఎంత రాశావు?"

"తొమ్మిది వందల ఎనభై ఎనిమిది."

"వారానికోసారేనా గీసేది మీరు?"

"అవును. మీరు?"

"ఇక్కడికొచ్చాక వారానికి రెండుసార్లు." అవతల కాగితం గరగరమంది. వదిన లెక్క వేస్తోంది. "కలిసున్న ఎనిమిదేళ్ళూ కూడా వేసుకుంటే... పదిహేను వందల అరవై." ఆమె గొంతులో ఒక్కసారిగా ఏదో తేడా వచ్చింది. "నీకంటే ఐదు వందల డెబ్భై రెండు ఎక్కువే మరదలా."

ఆ సాయంత్రమే వదిన కూడా తన ఫారం నింపి పంపిందని తర్వాత తెలిసింది. ఆమె ఆ నాలుగు అంకెలకు గడి చాలక, గడి గీతను పెన్నుతో జరిపి పెద్దది చేసుకుందట.

డైరెక్టరు ఫారం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"ఇది తొమ్మిదా, ఎనిమిదా?"

"మూడూ కలిపి చదవాలి సార్."

ఆయన సంతకం పెట్టడానికి ఒక పూటంతా తీసుకున్నాడు. తన సంతకం ఎన్ని "1"ల కింద ఉందో లెక్కపెట్టుకుని ఉంటాడు. గాజుసామాను గది మాట మళ్ళీ ఎత్తలేదు. నెల తిరిగాక జవాబు వచ్చింది. మిగతా పది ల్యాబులూ ఆ గడిలో "2" అని రాశాయట, పదికి పదీ. దయచేసి మీరు కూడా అసలు అంకె రాయండి అని వాళ్ళందరికీ ఇంకో ఉత్తరం వెళ్ళింది. రెండు ల్యాబుల బాక్టీరియానూ తెప్పించుకుని జన్యువులు చదివించారు. ప్లేట్లక్కదాంట్లో ఈతకు మీట వేసే చోట చిన్న ముక్క ఎగిరిపోయింది. వదినదాంట్లో కష్టకాలంలో కణాన్ని కాపాడే జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఒకే నంబరు, ఒకే గొట్టం, వేరు వేరు చేతులు.

తాళం ప్లేట్లక్క దగ్గరే ఉంది. కానీ వారం వారం గీయడం ఆగిపోయింది. అసలు విత్తనం నుంచి వంద చిన్న సీసాలు చేసి ఫ్రీజర్లో పెట్టారు. నెలకొక సీసా తీసి, ఒక్కసారి ప్లేటు మీద పెంచి వాడుకుని, పారేయడమే. పాత సంతతినంతా ఆవిరి యంత్రంలో వేసి చంపేయమని డైరెక్టరు ఉత్తర్వు ఇచ్చాడు. ప్లేట్లక్క తన చేత్తోనే మీట నొక్కింది. ఒక్క గొట్టం మాత్రం మేడం ఆపించింది. ఈత పరీక్ష చేసినప్పుడల్లా, కదలకపోవడమంటే ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూపించడానికి ఒక ఈతరాని బాక్టీరియా కావాలి. లేకపోతే దాన్ని బయటి నుంచి తెప్పించాలి.

"ఇంతకంటే కదలనిది ఎక్కడా దొరకదు సార్" అంది మేడం.

ఈ సంగతి ఇంట్లో తెలిసింది. అత్తగారు కొడుకు వైపు ఒకసారి చూసి, బఠాణీలు ఒలుచుకుంది. "అలా చూడకమ్మా, నాకూ ఏదో ఒక ఉపయోగం ఉండకపోదు" అన్నాడు కొడుకు కుర్చీలోంచి.

మొదటి సీసాలోంచి పెంచిన ప్లేటును తెరిచింది సోమవారమే, తొమ్మిదింపావుకే. పలకరించకూడదన్న నియమం ఇంకా అమల్లో ఉంది గానీ, మేడం గాజు తలుపు తీసి తల లోపలికి పెట్టింది.

"ఒక్కటి కాదక్కా. ఇరవై ముప్ఫై కాలనీలు కలిపి ఎత్తాలి. ఏరకూడదు."

"తెలుసు."

"అందంగా ఉన్నవి చూసి..."

"తెలుసన్నానా!"

తలుపు మూసుకుంది. ప్లేట్లక్క తీగను ఎర్రగా కాల్చి, చల్లార్చి, ప్లేటు మూత వారగా ఎత్తింది. ఎడమ చివర ఒకటుంది, సున్నా చుట్టినట్టు, నున్నగా. పక్కనే ఇంకొకటి అంచులు పాకించుకుని, కాళ్ళు బారజాపుకుని పడి ఉంది. తీగ మొదటిదాని వైపు దానంతటదే వెళ్ళింది. ఆమె దాన్ని వెనక్కి లాగి, మొహం పక్కకు తిప్పుకుని, ఒక్క ఊపున ప్లేటు మీద ఈ కొస నుంచి ఆ కొసకు లాగి అందినవన్నీ కలిపి ఎత్తేసింది. రిజిస్టరు తెరిచి, గడిలో "1" అని రాసింది.